ప్రసూతి సెలవు ఖర్చు ఎవరు భరించాలి?

మహిళలు ఉద్యోగాల్లో చేరడానికీ, చేరినవారు నిలదొక్కుకోవడానికీ తోడ్పడే చట్టాల్లో ప్రసూతి సెలవుది ప్రధాన స్థానం. అయితే సెలవు ఎన్ని వారాలన్నది ఎంత ముఖ్యమో, ఆ వారాల జీతం ఎవరు చెల్లిస్తారన్నదీ అంతే ముఖ్యమని భారతదేశంలోని రెండు ఏర్పాట్లను పక్కపక్కన పెట్టి చూస్తే తేటతెల్లమవుతుంది.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 12 వారాల సెలవు ఇవ్వగా, 2017 సవరణ మొదటి ఇద్దరు పిల్లల విషయంలో దానిని 26 వారాలకు పెంచింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు పిల్లల సంరక్షణ కేంద్రాన్ని, అంటే క్రెష్‌ను, ఏర్పాటు చేయాలనీ, తల్లిని రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లనివ్వాలనీ నిర్దేశించింది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ నిబంధనలు చోటుచేసుకున్నాయి. కానీ ఈ విధానంలో 26 వారాల జీతమంతా యజమానే ఇచ్చుకోవాలి. పది పదిహేను మందితో నడిచే చిన్న సంస్థకు, సెలవులో ఉన్న ఉద్యోగిని జీతానికి తాత్కాలికంగా పెట్టుకున్నవారి జీతం కూడా తోడైతే, కొత్తగా పెళ్లయిన యువతిని పనిలోకి తీసుకోవడానికి యజమాని వెనకాడే ప్రమాదం ఉంటుంది.

ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) పథకం ఈ చిక్కును మరో విధంగా పరిష్కరించింది. 2019లో సవరించిన రేట్ల ప్రకారం 20,000 రూపాయల జీతంపై సంస్థ 650 రూపాయలు, ఉద్యోగి 150 రూపాయలు చందాగా కడతారు. ఆ ఉద్యోగంలో ఉన్నది పురుషుడైనా, స్త్రీ అయినా ఈ లెక్క మారదు. ప్రసూతి కాలపు వేతనం ఉమ్మడి నిధి నుంచి వస్తుంది కనుక, మహిళను నియమించుకున్నందుకు సంస్థపై ఆ జీతభారం పడదు. భారాన్ని ఇలా అందరికీ పంచే పద్ధతినే సామాజిక బీమా అంటారు.

జీతభారాన్నే కాదు, సెలవునూ పంచవచ్చు. స్వీడన్ 1974లోనే తల్లికి పరిమితమైన సెలవును తల్లిదండ్రులిద్దరి బీమాగా మార్చింది. నేడు అక్కడి 480 రోజుల సెలవులో తలా 90 రోజులు ఒకరివి మరొకరికి బదిలీ కావు కనుక, తండ్రి వాడుకోని పక్షంలో అవి మురిగిపోతాయి. ఆ విధంగా సెలవు పెట్టేది ఆడవారేనన్న అంచనాకు బలం తగ్గుతుంది.

అయితే భారతదేశంలో పొలం పనుల్లో, ఇంటి వద్ద చేసే పనుల్లో ఉన్న మహిళల్లో అత్యధికులకు చందా కట్టే యజమానే లేడు. వారికి దక్కే ప్రధానమంత్రి మాతృ వందన యోజన సాయం తొలి కాన్పుకు 5,000 రూపాయలు. దానిని 26 వారాలకు పంచితే వారానికి 200 రూపాయలైనా రాదు. ప్రభుత్వ నిధులతో పూడ్చవలసిన మొదటి లోటు ఇదే.