నడిగడ్డ తిప్పలకు కాపలా కావాలి

ఎండాకాలం ముదిరి జూరాల దిగువన నీళ్లు సన్నబడినప్పుడు కృష్ణలో కొత్త నేల బయటపడుతుంది. వానాకాలమంతా మునిగి ఉన్న రాతిబండలు, ఇసుకతిప్పలు ఒక్కొక్కటే తేలతాయి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డలో, గద్వాల జనానికి నది మధ్య నేల కొత్తేమీ కాదు. గుర్రంగడ్డ అనే ఊరే రెండు పాయల నడుమ ఉంది. జూరాల గేట్లు ఎత్తిన ప్రతిసారీ ఆ ఊరికి రాకపోకలు ఆగిపోతాయి, పేపర్లలో వార్తలు వస్తాయి. మనుషులు లేని చిన్న తిప్పల గురించి మాత్రం ఎవరూ రాయరు. రాయాల్సిన అవసరం ఉంది. ఎందుకంటే మార్చి నుంచి మే దాకా, సరిగ్గా అవి తేలే రోజుల్లోనే, రివర్ టర్న్ అనే పక్షులు గుడ్లు పెట్టడానికి ఇలాంటి చోట్లు వెతుక్కుంటాయి.

సముద్రాల మీద తిరిగే టర్న్‌లకు, గల్ పక్షులకు ఇది దగ్గరి చుట్టం. కుటుంబం అదే, కాపురం మాత్రం నదుల మీద. పసుపుపచ్చ ముక్కు, ఎర్రటి కాళ్లు, చీలిన తోక. గుడ్లు పెట్టే కాలంలో నెత్తిన నల్లటి టోపీ పెట్టుకున్నట్టుంటుంది. ఇది గూడు కట్టదు. ఇసుకలో చిన్న గుంత చేసి రెండు మూడు గుడ్లు పెడుతుంది. ఇసుక రంగులోనే ఉండే ఆ గుడ్లు పక్కన నిలబడ్డా కంటికి ఆనవు. నక్కలు, కుక్కలు నీళ్లు దాటి రాలేవన్న ధీమాతోనే అది తిప్పను ఎంచుకుంటుంది. ఇప్పుడు ఆ ధీమాకే ముప్పొచ్చింది. నీళ్లు మరీ తగ్గితే తిప్ప ఒడ్డుతో కలిసిపోతుంది. గొర్రెలు, కుక్కలు, ఇసుక ట్రాక్టర్లు నేరుగా నడిచొస్తాయి. ఎగువ నుంచి ఉన్నట్టుండి నీళ్లు వదిలితే గుడ్లన్నీ ఒకే రాత్రి కొట్టుకుపోతాయి. సెల్ఫీ కోసమో ఫొటో కోసమో ఎవరైనా తిప్ప ఎక్కి తల్లిపక్షిని లేపేస్తే, నడిగడ్డ ఎండకు ఆ గుడ్లు కాసేపట్లోనే ఉడికిపోతాయి.

తుంగభద్ర వైపు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆలంపురం పక్కగా పారే ఆ నీళ్లలో కొంత కర్ణాటకలోని భద్రా జలాశయం నుంచి వచ్చిందే. అక్కడ వేసవిలో నీళ్లు తగ్గి చిన్న దీవులు తేలగానే వేల టర్న్‌లు వచ్చి గుడ్లు పెడతాయి. దూరం నుంచి వాటిని చూడటానికే జనం అక్కడికి వెళ్తారు. అంటే మన నీళ్లకు ఎగువనే ఈ పక్షికి ఒక పెద్ద పుట్టిల్లు ఉంది.

దీవి మీద పక్షులకు కాపలా అంటే అసలు ఏం చేస్తారు? అమెరికాలోని మెయిన్ తీరంలో ఈస్టర్న్ ఎగ్ రాక్ అని ఏడెకరాల రాతి దీవి ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో మాంసం కోసం, ఈకల కోసం వేటాడి అక్కడ పఫిన్ పక్షిని ఒక్కటి కూడా మిగల్చలేదు. 1973 నుంచి స్టీఫెన్ క్రెస్ అనే పక్షి శాస్త్రవేత్త కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి పిల్లల్ని తెచ్చి, మట్టిలో బొరియలు తవ్వించి, చేతులతో చేపలు పెట్టించి పెంచారు. అవి సముద్రంలోకి వెళ్లాక ఏళ్ల తరబడి ఎదురుచూశారు. తోటివి ఉన్నాయనుకుని దిగుతాయేమోనని చెక్క బొమ్మలు, అద్దాలు నిలబెట్టారు. చివరికి 1981లో పఫిన్లు అక్కడే గుడ్లు పెట్టాయి. టర్న్‌లనూ బొమ్మలతో, రికార్డు చేసిన అరుపులతో పిలిపించారు. ఇప్పుడక్కడ ఏటా వందకు పైగా పఫిన్ జంటలు పిల్లల్ని చేస్తున్నాయి. అయినా కాపలా ఆగలేదు. ప్రతి వేసవిలో వలంటీర్లు, విద్యార్థులు గుడారాల్లో ఉంటారు. కుళాయి నీళ్లుండవు. చిన్న చెక్క గదిలో గంటల తరబడి కూర్చుని ఏ పక్షి ఏ చేప తెచ్చిందో రాసుకుంటారు. మనిషి అక్కడ ఉన్నాడంటేనే గుడ్లు తినే పెద్ద గల్ పక్షులు జంకుతాయి.

నాకు ఈ పనిలో జొన్నచేను మంచె కనిపిస్తుంది. వడిసెల పట్టి పొద్దంతా పిట్టల్ని తోలిన చేతులు నడిగడ్డలో ఇంకా ఉన్నాయి. చూపు అదే, ఓపిక అదే. ఇక్కడ తోలాల్సింది కుక్కల్ని.

మన దేశంలోనూ దీనికి నమూనా ఉంది. చంబల్ నది ఇసుకతిప్పల మీద ఇండియన్ స్కిమ్మర్ గుడ్లు పెడుతుంది. కింది ముక్కు పొడవుగా ఉండి, నీటిని కోస్తున్నట్టు ఎగిరే పక్షి ఇది. ప్రపంచంలో వీటిలో ఎదిగిన పక్షులు 3,000 లోపే మిగిలాయని అంచనా. చంబల్ ఒడ్డు ఊళ్ల వాళ్లనే గూళ్ల కాపలాదారులుగా పెట్టి పశువుల్ని, కుక్కల్ని తిప్పల మీదికి రానీయకుండా చూస్తున్నారు. ఎండ పెరిగినప్పుడు స్కిమ్మర్ నీళ్లలో పొట్ట తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. అంత తాపత్రయం ఉన్న తల్లి కూడా కుక్కను ఆపలేదు. ఈ జాతి పక్షులు చలికాలంలో కాకినాడ దగ్గర గోదావరి కయ్యల్లోని బురద మేటల మీద వందల్లో దిగుతాయి. వీటిని కూడా లెక్కించే ఆసియా నీటిపక్షుల గణన 1987లో మొదలైంది. ఏటా జనవరిలో జరిగే ఆ లెక్కకు వలంటీర్లే ఆధారం. కోరింగ మడ అడవుల్లో పడవల మీద తిరిగి వాళ్లు రాసే అంకెల వల్లే స్కిమ్మర్లకు ఆ తీరం ఎంత ముఖ్యమో తెలిసింది.

గద్వాల పక్కనే ఉన్న మల్దకల్‌కు ఈ లెక్క దూరపు విషయమని నేననుకోను. నెట్టెంపాడు ఎత్తిపోతలతో కృష్ణ నీళ్లు ఈ మెట్టనేల చెరువుల్లోకీ వచ్చాయి. తాటికుంట రిజర్వాయరు గట్టు మీద జనవరిలో ఒక ఉదయం దుర్భిణితో నిలబడి నీటిపక్షుల్ని లెక్కపెట్టడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు. మల్దకల్ తిమ్మప్ప జాతర ముగిసిన కొన్నాళ్లకే వచ్చే పని ఇది. కాలేజీ పిల్లలు చేయగలరు, బడిలో సైన్స్ టీచర్ నడిపించగలరు. పేరు తెలియని పక్షిని ఫొటో తీసి తర్వాత పోల్చుకోవచ్చు. మార్చిలో మాత్రం పద్ధతి మారాలి. తిప్ప ఎక్కకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు. ఒడ్డునుంచే చూసి, ఏ తిప్ప మీద టర్న్‌లు కూర్చుంటున్నాయో రాసి, డ్యామ్ ఇంజినీర్లకూ అటవీ సిబ్బందికీ చెప్పాలి. కింద గుడ్లున్నాయని తెలిస్తే నీళ్లు ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా వదిలే ఆలోచనైనా వస్తుంది.

లెక్క వలంటీర్లు రాయవచ్చు. మండుటెండలో మూడు నెలల కాపలాను మాత్రం ఉచిత సేవగా అడగడం నాకు న్యాయంగా తోచదు. ఏ తిప్ప ఎప్పుడు తేలుతుందో, ఏ పాయలో లోతెంతో పుట్టి వేసుకుని చేపలు పట్టే కుటుంబాలకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. సీడ్ పత్తి పనులు అయిపోయి, కూలి దొరక్క పాలమూరు మనుషులు ఊళ్లు విడిచే నెలలూ అవే. అలాంటి ఒక కుటుంబానికి మార్చి నుంచి తొలకరి దాకా రోజు కూలి, ఒడ్డున ఎండ ఆపే పందిరి, తాగడానికి నీళ్లు, ఒక దుర్భిణి. ఈ ఏడు ఒక్క తిప్పకైనా ఇంతపాటి ఏర్పాటు చేయడం జిల్లా యంత్రాంగానికి భారమేమీ కాదు.