'టీరిష్' అను జర్మన్ విశేషణము — అండమాను వర్ణనల అనువాదము

జర్మన్ భాషలో 'టీర్' అనగా జంతువు. దానికి 'ఇష్' ప్రత్యయము చేరగా 'టీరిష్' అను విశేషణమైనది. తెనిగించువానికి మొదట తోచు మాట 'పాశవికము'. అది అన్నిచోటుల పొసగదు.

క్రొవ్వు, మాంసకృత్తులు మున్నగువానికి విశేషణమైనపుడు దీనికి 'జంతుసంబంధి' అనియే యర్థము. నింద లేశమును లేదు. మనుష్యుని నడవడికి చేరినచో నింద యగును. సంభాషణలోనన్ననో 'మిక్కిలి' అని మాత్రమే: 'టీరిష్ గూట్' అనగా చాల బాగున్నదని. మన 'గొడ్డుచాకిరి'ని స్మరించినవారికి ఈ పరిణామము వింతగా దోపదు. నవ్వెరుగని గాంభీర్యమును 'టీరిషర్ ఎర్న్‌స్ట్' అందురు. దానికి విరుద్ధముగా ఆఖెన్ నగరమున 1950 నుండి ఒక బిరుదమే యొసగుచున్నారు. జంతువు నవ్వదు గదా!

'పాశవిక'మునకు సరియైన జోడు వేరొకటి కలదు: 'ఫీహిష్'. పెంపుడు పశువును దెలుపు 'ఫీ' శబ్దమును, సంస్కృత 'పశు' శబ్దమును ఏకమూలజములు. నింద యందు 'ఫీహిష్' మరింత మోటు. 'టీర్' అర్థమున 'మృగ' శబ్దమునకు చేరువ. దాని సోదరశబ్దమైన 'డీర్' ఇంగ్లీషులో లేడికి పేరైనది. సంస్కృతమునను మృగము జంతువును, లేడియు గూడ.

ఈ భేదము అండమాను వర్ణనలయందు మిగుల ముఖ్యము. మార్కోపోలో యాత్రావృత్తాంతము తొలుత అచ్చుపడినది జర్మన్ భాషలోనే, 1477లో, నూరెంబర్గున. అండమానువాసులు రాజులేనివారు, మృగతుల్యులు, శునకముఖులు అని పోలో కథనము; అది చూచి వ్రాసినది కాదు, విన్నది. పులియు చిరుతయు స్వతస్సిద్ధముగా లేని దీవులవి. అడవిపందియే అచటి పెద్దమృగము. చుక్కల లేడిని సైతము బ్రిటిషువారు కొనిపోయి విడిచిరి. ఇక భాష మాట: గ్రేట్ అండమానీస్ వ్యాకరణమంతయు మానవశరీర విభాగములపై నిలిచినదని అన్వితా అబ్బి 2013లో ప్రకటించిన వ్యాకరణమున సోదాహరణముగా చూపినారు. ఇట్టివారిని 'పాశవికులు' అనుట మూలమున లేని క్రౌర్యమును వారికి అంటగట్టుట.

నేటి శ్రీవిజయపురమున, అనగా 2024 వరకు పోర్ట్ బ్లెయర్ అనబడిన పట్టణమున, తెలుగు చదువువారు పలువురు కలరు. వారి చేతికిని పోవు అనువాదమిది. కావున జీవనవిధానమును గూర్చి 'టీరిష్' అని యున్నచోట 'జంతువులవలె' అని ఉపమానమునే నిలుపుదును. 'పాశవిక'మును 'ఫీహిష్' ఉన్నచోటికే ఉంచుదును.