బిడ్డను చూడటానికి బత్తలపల్లి దాకా

అనంతపురం సీమకు విదేశీయులు రావడం కొత్త కాదు. పుట్టపర్తికి భక్తులు వస్తారు. లేపాక్షికి యాత్రికులు వస్తారు. వీరు కాక మరో రకం అతిథులున్నారు. వారు ఏ గుడినీ చూడటానికి రారు. తమ కడుపున పుట్టిన ఆడబిడ్డ ఇక్కడి పల్లెల్లో జీతం లేని సేవకు వచ్చి ఉంటే, ఆమె ఎలా ఉందో కళ్లారా చూసి పోదామని వస్తారు. స్పెయిన్ దేశం నుంచి ఇలా వచ్చే తల్లిదండ్రులకు అనంతపురం, బత్తలపల్లి, కల్యాణదుర్గం, కణేకల్లు పేర్లు నోటికి వచ్చేశాయి.

ఈ రాకపోకలకు మూలం గ్రామీణాభివృద్ధి సంస్థ. జనం నోట అది ఆర్డీటీ. ఆ సంస్థ ఆసుపత్రులకు, వికలాంగ బాలల పాఠశాలలకు డాక్టర్లు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు, ఉపాధ్యాయులు స్వచ్ఛందంగా వచ్చి కొన్నాళ్లు పనిచేసి వెళ్లడం ఏళ్ల తరబడి సాగుతూ వచ్చింది. వీరిలో ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. పెళ్లి కాని పిల్ల, భాష తెలియని దేశం, పేరు వినని ఊరు. ఏ దేశంలోనైనా తల్లి మనసు తల్లి మనసే. బిడ్డ రాసే ఉత్తరాలు, ఫోనులో చెప్పే మాటలు ఆమెకు చాలవు. సెలవులు దొరకగానే విమానం ఎక్కుతుంది.

విమానం దిగేది బెంగుళూరులో. అక్కడినుంచి జాతీయ రహదారి మీద బాగేపల్లి దాటి, కొడికొండ వద్ద ఆంధ్రలో అడుగుపెట్టి, పెనుకొండ కొండల పక్కగా అనంతపురం చేరాలి. దారి పొడవునా గుండ్ల కొండలు, ఎర్ర నేలలు, ఇసుక మేట వేసిన ఏరులు. వేసవిలో అయితే కనుచూపు మేరలో పచ్చన కనిపించదు. ఇక్కడి మనుషులు ఏం పండించుకుంటారు, ఏం తాగి బతుకుతారు అన్న సందేహం ఆ దారిన వచ్చే ఏ కొత్తవారికైనా కలుగుతుంది. తమ పిల్ల ఇన్ని ఊళ్లు వదిలి ఈ ఊరే ఎందుకు వచ్చిందన్నది దాని వెంటే వచ్చే ప్రశ్న.

వాన ముఖం చాటేసే సీమ

ఆ ప్రశ్నకు జవాబు ఆకాశంలో ఉంది. నైరుతి రుతుపవనాల మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసి, ఇక్కడికి వట్టి గాలిగా వస్తాయి. ఈశాన్య రుతుపవనాలకు తూర్పు తీరం దూరమై, వాటి తడీ సరిగా అందదు. ఏడాదికి కురిసే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అదైనా అదనుకు పడదు. విత్తనం వేసే నాటికి ఒక జల్లు, ఊడలు దిగే నాటికి ఎండ, బుడ్డలు పెరికే నాటికి ముసురు. వేరుశెనగ రైతుకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కరలేదు.

పెన్న, చిత్రావతి, హగరి పేరుకు నదులే. ఏడాదిలో ఎక్కువ నెలలు వాటిలో నడిచేది బండ్లు. తుంగభద్ర ఎగువ కాలువ కొన్ని మండలాలకే చాలుతుంది. 2012లో హంద్రీ - నీవా నీళ్లు జీడిపల్లి చేరాక కొంత ఆశ పుట్టింది. అయినా బోరు ఎండిన ప్రతి ఊరి నుంచి బెంగుళూరు బస్సెక్కే కుటుంబాలు ఉన్నాయి. గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. దేశం మొత్తానికి సంబంధించిన పథకానికి ఈ జిల్లా పల్లెను ఎంచుకోవడంలోనే ఇక్కడి కరువు తీవ్రత తెలుస్తుంది.

ముందుగా వచ్చిన ఆడబిడ్డ

ఇలా వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఆడబిడ్డ అన్నె ఫెర్రర్. ఆమె 1947లో ఇంగ్లాండులో పుట్టారు. బొంబాయిలో పత్రికా విలేఖరిగా పనిచేస్తుండగా 1968లో విన్సెంట్ ఫెర్రర్‌ను కలిశారు. ఆయన బార్సిలోనాకు చెందిన ఏసుసభ ఫాదరు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో పేద రైతులకు బావులు తవ్వించడంలో తోడ్పడ్డారు. ఆయన పలుకుబడి పెరగడం గిట్టనివారి ఒత్తిడిపై ఆ ఏడాదే ఆయనను దేశం విడిచి వెళ్లమన్నారు. రైతులు వేల సంఖ్యలో నిరసన తెలిపారు. ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆయన తిరిగి రావడానికి అనుమతించగా, ఆశ్రయమిచ్చింది ఆంధ్రప్రదేశ్. 1969లో అనంతపురం చేరి సంస్థను స్థాపించారు. 1970లో మతసభను వీడి అన్నెను పెళ్లి చేసుకున్నారు.

అనంతపురం వచ్చేనాటికి అన్నె వయసు 22 ఏళ్లు. ఇల్లు, పిల్లలు, ఉద్యోగం, ఊరు అన్నీ ఆమెకు ఈ కరువు నేల మీదే అమరాయి. పిల్లలు ముగ్గురూ ఇక్కడే పెరిగారు. 2009 జూన్ 19న ఫాదర్ ఫెర్రర్ కన్నుమూసినప్పుడు ఆయనను బత్తలపల్లిలోనే సమాధి చేశారు. ఆ తర్వాత సంస్థ భారాన్ని అన్నె, కుమారుడు మాంచో ఎత్తుకున్నారు. బత్తలపల్లి 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా, పల్లె జనం లెక్కలో అది అనంతపురం మాటే.

పదిరోజులు ఉండి పోదామని వచ్చిన పిల్ల జన్మంతా ఉండిపోతుందేమోనన్న దిగులు కన్నవారికి ఉంటే తప్పు పట్టలేము. అన్నె కథ విన్నవారికి ఆ దిగులు మరింత పెరగనూ వచ్చు.

భాష రాని పిల్ల ఏం చేయగలదు?

ఇది తల్లిదండ్రులు అడిగినా అడగకపోయినా, ఊళ్లో రచ్చబండ మీద అనుకునే మాట. నిజం చెప్పుకుంటే, తెలుగు రాని వలంటీరు ఒంటరిగా చేయగలిగేది తక్కువ. రోగి ఏ పక్క నొప్పి అన్నాడో తెలియాలంటే దుబాసీ కావాలి. గర్భిణి సిగ్గుపడి చెప్పకుండా దాచిన మాట పట్టుకోవాలంటే ఊరి ఆరోగ్య కార్యకర్త పక్కన ఉండాలి. ఆ కార్యకర్త ఈ మట్టిలో పుట్టిన మనిషి. వలంటీరు ఆరు నెలలకో ఏడాదికో పోతుంది. కార్యకర్త ఉంటుంది.

అయితే వలంటీరు వల్ల లాభం లేదనుకోవడం కూడా తప్పే. కాళ్లు చచ్చుబడిన బిడ్డకు ఏ కండరాన్ని ఎలా సాగదీయాలో నేర్చిన ఫిజియోథెరపిస్టు, ఆ విద్యను పది మంది స్థానిక కార్యకర్తలకు నేర్పి వెళితే, ఆమె వెళ్లినా చేతిపని ఊళ్లో మిగులుతుంది. కన్నవారికి చూపించవలసింది దీన్నే. ఫోటోలో బిడ్డ చుట్టూ ఎందరు పిల్లలు నవ్వుతున్నారన్నది కాదు, బిడ్డ వెళ్లిపోయాక ఆ పని చేయగలవారు ఎందరు తయారయ్యారన్నది చూడాలి.

వలంటీరుకు మొదట పట్టుబడే తెలుగు మాట ఏదంటే, చాలావరకు తిండి మాటే. ఎదురుపడిన ప్రతి అవ్వా ‘అన్నం తింటివా?’ అని అడుగుతుంది కాబట్టి. తన దేశంలో ఎవరూ ఆకలి గురించి దారిన పలకరించరు. కరువు చూసిన నేల మీద అదే నమస్కారం.

ప్రపంచమంతటా ఇదే ముచ్చట

ఇలాంటి ప్రయాణాలు మన జిల్లాకే పరిమితం కాదు. అమెరికాలో 1961లో కెన్నెడీ అధ్యక్షుడుగా ఉండగా శాంతిదళం ఏర్పడింది. దాని వలంటీర్లు గ్వాటెమాలా కొండల్లో మాయా జాతివారి పల్లెలకూ వెళ్లారు. అక్కడా ఆడవాళ్లు మొక్కజొన్న రొట్టె కాలుస్తారు, మగ్గం మీద బట్ట నేస్తారు, స్పానిష్ కాక తమ సొంత భాష మాట్లాడతారు. బిడ్డను చూడవచ్చిన అమెరికా తల్లి ఆ ఇంటి పొయ్యి ముందు కూర్చుని మాట రాక నవ్వడం తప్ప చేసేదేముంటుంది?

శాంతిదళం మన దేశంలోనూ 1976 దాకా పనిచేసింది. 1966లో బొంబాయి దగ్గర విఖ్రోళికి నర్సుగా వచ్చిన లిలియన్ కార్టర్ వయసు అప్పటికి 68 ఏళ్లు. అక్కడ కన్నబిడ్డలు ఇంటి దగ్గర ఉండి తల్లి కోసం ఎదురుచూశారు. ఆ బిడ్డల్లో ఒకరైన జిమ్మీ కార్టర్ 1977లో అమెరికా అధ్యక్షుడయ్యారు.

ఊరికి భారం కారాదు

ఊరికి అతిథి వస్తున్నాడంటే పల్లె ఊరుకోదు. పూలదండలు, తప్పెట్లు, హారతి, కొబ్బరికాయ, పిల్లల ఆటపాటలు తప్పవు. పిల్లలకు దాతలుగా ఉన్న స్పెయిన్ వారు వచ్చినప్పుడూ, వలంటీరు తల్లిదండ్రులు వచ్చినప్పుడూ ఇదే మర్యాద. మర్యాద మంచిదే. కాని కూలి పని మానుకుని దండలకు, శాలువలకు అప్పు చేయవలసిన పని లేదు. అతిథి ఆ శాలువ పెట్టెలో పెట్టుకుపోతాడు. అప్పు ఊళ్లోనే ఉంటుంది.

మరో సంగతి. వచ్చిన తల్లి చేతిలో అర్జీలు పెట్టకూడదు. ఆమె అధికారి కాదు, బిడ్డను చూడవచ్చిన మనిషి. ఇల్లు కావాలన్నా బోరు కావాలన్నా దానికి గ్రామ సంఘం ఉంది, ప్రభుత్వం ఉంది. సంస్థ కట్టించే ఇళ్లు సైతం ఆడవారి పేరున రిజిస్టరు అవుతాయి. విరాళాలను ఏ ఒక్క బిడ్డ చేతికో నగదుగా ఇవ్వక, ఊరుమ్మడి పనులకు వాడటం మొదటినుంచీ ఉన్న పద్ధతి. చేయి చాచకుండా పైకి రావాలన్నదే దీని ఉద్దేశం. అటువంటి ఊళ్లో అతిథి ముందు చేయి చాచితే అన్నాళ్ల కష్టం వృథా.

ఇంట్లో ఉన్నది పెడితే చాలు. రాగి సంగటి, శెనక్కాయల ఊరిమిండి, మజ్జిగ. చాప వేసి కూర్చోబెట్టి, పక్కన వలంటీరును కూర్చోబెట్టి, ‘నీ బిడ్డ మా ఇంట్లో తింటుందమ్మా, దిగులు పడాకు’ అని ఒక్క మాట చెప్పించాలి. ఆ తల్లి అంత దూరం నుంచి వచ్చింది ఆ మాట కోసమే.

మన తల్లులూ ప్రయాణం కట్టారు

ఒకప్పుడు ఈ పల్లెల ఆడపిల్ల పొలిమేర దాటడమంటే పెళ్లికో, వలసకో. ఇప్పుడు నర్సింగు చదువుకు, ఇంజినీరింగు కొలువుకు బెంగుళూరు, హైదరాబాదు వెళుతున్నారు. అనంతపురంలో సంస్థ నడిపిన విదేశీ భాషల పాఠశాలలో పల్లె పట్టభద్రులు స్పానిష్, జర్మన్, ఫ్రెంచి నేర్చుకుని ఉద్యోగాలకు పోయారు. వారిని చూడటానికి ఇక్కడి తల్లులు బుడ్డల ఉండలు, ఓళిగలు మూటగట్టుకుని బస్సెక్కుతున్నారు. హాస్టలు గేటు దగ్గర నిలబడి, పిల్ల చిక్కిందా లావయిందా అని తేరిపార చూస్తున్నారు.

స్పెయిన్ తల్లి బత్తలపల్లి ఆసుపత్రి వరండాలో చేసేదీ అదే పని. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. కాని తెలియని ఊళ్లో తన బిడ్డను ఎవరో ఒక తల్లి ‘అన్నం తింటివా’ అని అడగాలన్నదే ఇద్దరి కోరిక. ఆ మాట అడగడానికి ఖర్చు లేదు. కరువు సీమ ఆ ఒక్క విషయంలో ఎన్నడూ కరువు చూపలేదు.