సైన్సులో పై చదువులు – సమాన అవకాశం



మన హాస్టళ్లలో ఉండి బి.ఎస్సీ. పూర్తిచేసేవారు ఎందరో ఉన్నారు. ఎం.ఎస్సీ.కి వెళ్లేవారు కొందరే. పీహెచ్.డి. దాకా వెళ్లేవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. దీనికి కారణం తెలివితేటలు లేకపోవడం కాదు. ఏ పరీక్ష ఎప్పుడో, ఏ ఫెలోషిప్ ఎవరికో ఇంట్లో చెప్పేవారు లేకపోవడం. అందుకే మనకు తెలిసిన నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాము.

మొదటిది, సీటు. కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల్లో 2006 నాటి చట్టం ప్రకారం ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ ఉంది. ఐఐటీలలో ఎం.ఎస్సీ.కి 'జామ్', హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి చోట్ల సీయూఈటీ-పీజీ రాయాలి. అయితే టీఐఎఫ్‌ఆర్ వంటి కొన్ని పరిశోధనా సంస్థలను ఈ చట్టం షెడ్యూలులో పెట్టి మినహాయించారు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

రెండవది, భాష. జామ్ పేపరు ఇంగ్లీషులోనే ఉంటుంది. సీఎస్ఐఆర్-నెట్ సైన్సు పేపర్లు ఇంగ్లీషు, హిందీలలో ఉంటాయి. తెలుగు మీడియంలో చదివినవారికి లెక్క తెలిసినా ప్రశ్న అర్థం చేసుకోవడానికే సమయం పోతుంది. కాబట్టి డిగ్రీ మొదటి సంవత్సరం నుండే సబ్జెక్టు పదాలను రెండు భాషల్లోనూ రాసుకోవాలి.

మూడవది, ఇంటర్వ్యూ. పీహెచ్.డి.కి ఎం.ఎస్సీ.లో 55 శాతం మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్) వారికి 5 శాతం సడలింపు ఉంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రవేశ పరీక్ష ద్వారా చేరేవారికి రాతపరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. రాతలో ముందున్నవారు కూడా ఆ 30లో వెనుకబడే అవకాశం ఉంది. నలుగురి ముందు నిలబడి తన పాఠం తాను చెప్పడం హాస్టల్లోనే సాధన చేయాలి.

నాలుగవది, డబ్బు. బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లిన డా. అంబేద్కర్, ఆ స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసివచ్చింది. మళ్లీ వెళ్లి 1923లో డి.ఎస్సీ. పొందారు. అంతటి మేధావికే డబ్బు అడ్డుపడితే మన సంగతి చెప్పాలా? సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ పరిశోధకులకు 2005-06లో మొదలైన ప్రత్యేక జాతీయ ఫెలోషిప్పులు కూడా ఉన్నాయి. కానీ ఫెలోషిప్ నెలల తరబడి ఆలస్యమైతే ఇంటి నుండి డబ్బు తెప్పించుకోగలవాడు నిలుస్తాడు, తెప్పించుకోలేనివాడు చదువు మానుకుంటాడు. సమాన అవకాశం అంటే సీటు ఇవ్వడమే కాదు, సకాలంలో డబ్బు అందించడం కూడా.

ఐదవది, గౌరవం. ల్యాబులో గైడు మాట్లాడకపోయినా, కులం పేరుతో తోటివారు దూరం పెట్టినా రిజర్వేషన్ సీటు ఉండి ప్రయోజనం లేదు. అందుకే యూజీసీ 2012 నిబంధనలు ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని చెప్పాయి. చేరిన మొదటి వారంలోనే ఆ అధికారి ఎవరో తెలుసుకోవాలి. ఇబ్బంది కలిగితే నోటిమాటగా కాక రాతపూర్వకంగా ఇచ్చి, నకలు దగ్గర ఉంచుకోవాలి.

పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు పాత ప్రశ్నపత్రాలు, పుస్తకాలు తీసుకురండి. ఒక్కొక్కరు ఒక తమ్ముడికో, చెల్లెలికో దరఖాస్తు నింపడం దగ్గరుండి నేర్పండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవలో ముందుగానే తీసుకోండి. చివరి తేదీ మన కోసం ఆగదు. మనలో ఒక్కరు ల్యాబులో అడుగుపెడితే, వెనుక వచ్చే పదిమందికి దారి తెలుస్తుంది.