మీకు తెలుసా? ఆ డబ్బాలో ఉన్నది గాలి కాదు!

కంప్యూటర్‌లో దుమ్ము దులపడానికి అమ్మే ‘ఎయిర్ డస్టర్’ డబ్బాల్లో సాధారణంగా ఉండేది గాలి కాదు, ఒత్తిడితో ద్రవంగా మార్చిన డైఫ్లోరోఈథేన్ లాంటి వాయువు. దానికి నిప్పంటుకునే గుణం ఉంది. డబ్బాను తలకిందులు చేస్తే ఆ ద్రవమే బయటికొస్తుంది. తగిలిన చోట మంచు పేరుకుంటుంది, చర్మం మీద పడితే బొబ్బలే. నిటారుగా పట్టుకుని, ఆగి ఆగి కొట్టాలి.

ఆ ధాటికి కంప్యూటర్‌లోని ఫ్యాను రయ్యిమని తిరుగుతుంటే చూడ్డానికి సరదాగానే ఉంటుంది. కానీ ఆ వేగానికి బేరింగులు దెబ్బతినొచ్చు. పైగా బయటినుంచి తిప్పిన మోటారు జనరేటరులా పనిచేసి మదర్‌బోర్డు వైపు కరెంటు పంపొచ్చు. రెక్కను వేలితోనో, పుల్లతోనో కదలకుండా పట్టుకోండి. అసలు దుమ్మంతా ఫ్యాను కిందే, హీట్‌సింక్ రేకుల సందుల్లో అట్టకట్టి ఉంటుంది.

ఇదంతా ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకున్నాకే సుమా! పవర్ సప్లై పెట్టెను మాత్రం విప్పొద్దు. మన 230 వోల్టుల కరెంటుతో లోపలి కెపాసిటరు 325 వోల్టులకో, ఆపైకో ఛార్జవుతుంది. ప్లగ్గు తీశాకా అది కొంతసేపు అలాగే ఉండొచ్చు. ఆ పెట్టెకు వెనక జాలీలోంచి కొడితే చాలు.