పులుపు తగిలితే ముడుచుకునే డీఎన్‌ఏ

ఎలమంచిలి పెళ్లిళ్లలో పారాణి కలిపేవాళ్లకు తెలియకుండానే ఒక రసాయన పరీక్ష జరిగిపోతుంటుంది. పసుపులో సున్నం పడిందా, ఎరుపెక్కుతుంది. క్షారం ఉందని పసుపే చెప్పేస్తుంది. కానీ కంటికి ఆనని కణంలో, ఆ కణం లోపలి తిత్తుల్లో పులుపెంతో చెప్పాలంటే పసుపు చాలదు.

ఆ పని చేసే పరికరాన్ని 2009లో బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం (ఎన్‌సీబీఎస్‌)లో యమునా కృష్ణన్ బృందం డీఎన్‌ఏతోనే కట్టింది. పేరు ఐ-స్విచ్. దానికి కీలకమైన సంగతి మాత్రం 1993లోనే ఫ్రాన్స్‌లో బయటపడింది. డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ వరసగా ఉన్న పోగులు ఆమ్లం తగిలితే ప్రోటాన్లను పట్టుకుని, ఒకదానితో ఒకటి జతకట్టి నాలుగు పేటల ముడి పడతాయి. ఆమ్లం తగ్గితే ముడి వీడుతుంది. ఆమ్లం లేనిదే నిలవకపోవడం జన్యువుకి లోపమేమో గానీ, కొలత పరికరానికి అంతకన్నా కావలసిందేముంది?

మూడు పోగులతో అల్లిన ఐ-స్విచ్‌కి రెండు చివర్లా సైటోసిన్ తోకలుంటాయి. ఒక చివర పచ్చ కాంతినిచ్చే రంగు, రెండో చివర ఎర్ర కాంతినిచ్చేది. పులుపులో తోకలు ముడిపడి చివరలు దగ్గరికొస్తాయి. పచ్చరంగు తన శక్తిని ఎరుపుకి ఇచ్చేస్తుంది. సూక్ష్మదర్శినిలో చూసేది ఆ రెండు కాంతుల నిష్పత్తినే. కణంలోకి స్విచ్‌లు పది వెళ్లాయా, వెయ్యి వెళ్లాయా అన్నది పెద్దగా పట్టదు. ఈ కిటుకే నాకు మిగతా అన్నిటికన్నా నచ్చింది.

మొదటి పరీక్ష పండ్ల ఈగ రక్తకణాల్లో. ఐ-స్విచ్‌ని ఆ కణాలే మింగి తిత్తుల్లో మోసుకెళ్లాయి. తొలి తిత్తుల్లో పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 దగ్గర ఉంది, కణంలో చెత్తను అరిగించే తిత్తి లైసోజోమ్ చేరేసరికి 5 దగ్గరికి దిగింది. అంకెలో తేడా ఒకటే, పులుపు మాత్రం పదింతలు. 2011లో మిల్లీమీటరు పొడవుండే పారదర్శక పురుగులోనూ, అది బతికుండగానే, కొలిచారు.

2014లో యమున షికాగో విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 2015లో క్లోరైడ్‌ని కొలిచే డీఎన్‌ఏ పరికరం వచ్చింది. 2019లో రెండు కొలతలనూ కలిపి, ఒక్కో లైసోజోమ్‌లో పులుపునీ క్లోరైడ్‌నీ ఒకేసారి చదివారు. లైసోజోమ్‌లు దెబ్బతినే నీమన్-పిక్ అనే జన్యువ్యాధి ఉన్నవాళ్ల కణాల్లో లైసోజోమ్‌ల తీరు మారిపోవడం ఆ అంకెల్లో కనబడింది. ఇంకా ఇది ఆసుపత్రి పరీక్ష కాలేదు. ఖరీదైన సూక్ష్మదర్శినీ, చెయ్యి తిరిగిన మనిషీ కావాలి.