బడి దారిలో అడ్డుగోడలు

ప్రతి ఉదయం మీరు సంచి భుజాన వేసుకొని బడికి పోతున్నారు. జోరుగా వాన కురిస్తే, ఈ రోజు సెలవు ఇస్తే బాగుండునని కూడ అనుకుంటారు. కాని బడికి పోవాలనే కోరిక ఉండికూడ పోలేనివారు లోకంలో ఎందరో ఉన్నారు. బడి వయసులో ఉండి బడిలో లేనివారు సుమారు 25 కోట్లమంది అని యునెస్కో సంస్థ 2024 లో లెక్క చెప్పింది. వీరంతా సోమరులా? తెలివిలేనివారా? కానే కారు. వారి దారిలో అడ్డుగోడలు ఉన్నాయి. ఆ గోడలు ఏవో, వాటిని ఎవరు ఎలా తొలగించారో తెలుసుకుందాం.

మొదటి గోడ డబ్బు. మన మారిషస్‌లో 1977 కు ముందు మాధ్యమిక పాఠశాలలో చదవాలంటే ఫీజు కట్టవలసి ఉండేది. చెరకు తోటలో కూలి చేసేవారు నలుగురు పిల్లలకు ఫీజు ఎలా కట్టగలరు? ఒక్కరినే పంపగలిగిన ఇంట్లో తరచుగా కొడుకునే పంపేవారు. కూతురు ఇంటిపనిలో ఉండిపోయేది. 1977 లో ప్రభుత్వం ఆ ఫీజును తీసివేసింది. మీ అవ్వ ఏ తరగతిలో చదువు మానిందో, ఎందుకు మానిందో అడిగి చూడండి.

ఆఫ్రికాలోని కెన్యా దేశంలో 2003 లో ప్రాథమిక విద్యను ఉచితం చేశారు. పది లక్షలకు పైగా పిల్లలు కొత్తగా బడిలో చేరారు. 2004 లో వారితోపాటు ఒక తాతకూడ చేరాడు! ఆయన పేరు కిమాని మరూగే. వయసు 84 ఏండ్లు. చిన్ననాడు బడికి పోలేకపోయిన ఆయన, తన డబ్బు తానే లెక్కపెట్టుకోవాలని, బైబిలు తానే చదువుకోవాలని వచ్చి, చిన్నపిల్లల పక్కన ఒకటో తరగతిలో కూర్చున్నాడు. చదువుమీద కోరికకు వయసు లేదు గదా!

మరి ఫీజు తీసివేస్తే చాలునా? చాలదు. కెన్యాలో కొన్ని బడులలో ఒక్క గదిలోనే వందమంది దాకా కూర్చోవలసి వచ్చింది. గదులు, ఉపాధ్యాయులు, పుస్తకాలు కూడ పెరగాలి. అప్పుడే ఆ గోడ పూర్తిగా తొలగుతుంది.

రెండవ గోడ దూరం. ఉన్నత పాఠశాల దూరాన ఉంటే, ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి తల్లిదండ్రులు జంకుతారు. భారతదేశంలోని బీహారు రాష్ట్రం 2006 లో, తొమ్మిదో తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనుక్కొనడానికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. బడికి పోయే బాలికల సంఖ్య పెరిగింది. మన దేశంలో 2005 నుండి విద్యార్థులకు బస్సు ప్రయాణం ఉచితం.

మూడవ గోడ పని. మన పూర్వికుల తెలుగు నేలలో, రంగారెడ్డి జిల్లాలో, ఎందరో పిల్లలు పశువులు కాస్తూ, పొలాలలో కూలి చేస్తూ ఉండేవారు. శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ అనే సంస్థ 1991 నుండి ఆ పిల్లలకోసం పనిచేశారు. పన్నెండేండ్ల పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడతాడు. అందుచేత అటువంటివారికి శిబిరాలలో కొన్ని నెలలు చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. శాంతా సిన్హా గారికి 2003 లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

కొన్ని చోట్ల పాలకులే గోడ కడతారు. ఆఫ్ఘనిస్తాన్‌లో 2021 లో ఆరవ తరగతి దాటిన బాలికలకు బడి తలుపులు మూసివేశారు. ఆ బాలికలకు ఫీజు కట్టగల తండ్రి ఉన్నా, ఇంటి పక్కనే బడి ఉన్నా ప్రయోజనం లేకపోయింది.

చూశారా! ఈ గోడలలో ఒక్కటికూడ పిల్లలు కట్టుకొన్నది కాదు. పెద్దలు కట్టినవే, లేదా పెద్దలు చూస్తూ ఊరకున్నవే. కనుక వాటిని పెద్దలే తొలగించగలరు. మీరూ రేపు పెద్దలవుతారు. అంతవరకు ఒక పని చేయండి. మీ తరగతిలో ఎవరైనా పది రోజులు కనబడకపోతే, నవ్వకండి. ఎందుకు రాలేదో కనుక్కొని మీ టీచరుగారికి చెప్పండి.

ప్రశ్నలు
1. ఫీజు తీసివేసినంత మాత్రాన చాలదని ఎందుకు అంటున్నాము?
2. సైకిలు ఏ గోడను తొలగించింది?
3. మీ ఇంటి పెద్దల చదువును గురించి ఐదు వాక్యాలు వ్రాయండి.